నిదానం గారి వేళ్లు

కెమెరాలు బాగుచేసే ఆ మనిషిని అందరూ నిదానం గారనే పిలిచేవారు. ఎవరు ఏ కెమెరా తెచ్చి ఎప్పటికిస్తారని అడిగినా "నిదానంగా చూద్దాం లెండి" అనడం అతని అలవాటు. ఆ మాటే పేరై కూర్చుంది. అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప మరెక్కడా కనబడేది కాదు.

యాభై రెండేళ్ల ఆ నిదానానికి ఎనిమిది నెలలుగా ఒక భయం పట్టుకుంది. అతని వేళ్ల చివర్లు మొద్దుబారిపోతున్నాయి.

మొదట కుడిచేతి చూపుడువేలు. ఆవగింజంత స్క్రూ ఒకటి జారిపోయిందనుకుని బల్ల కింద గంటసేపు వెతికాడు. తీరా చూస్తే అది బొటనవేలికే అంటుకుని ఉంది. ఆ రోజు నవ్వుకున్నాడు. నెల తిరిగేసరికి మిగతా వేళ్లకూ పాకింది. వేడి గ్లాసు పట్టుకుని కబుర్లు చెబుతూ ఉంటే వేళ్లు బొబ్బలెక్కాయి, అతనికి తెలియలేదు. తర్వాత పాదాలు. ఒకనాడు వీధిలో ఎడమకాలి చెప్పు ఊడిపోతే, వెనకనుంచి ఎవరో కేకేసేదాకా ఒంటి చెప్పుతోనే నడిచాడు. అప్పటినుంచి నవ్వు రాలేదు.

భార్యకు చెప్పలేదు. చెబితే అది నిజమైపోతుందన్నట్టు గుట్టుగా దాచుకున్నాడు. చొక్కా గుండీలు పెట్టుకోవడానికి పది నిమిషాలు పడుతోందని, ఆమె కన్నా ముందే లేచి తయారైపోయేవాడు.

అతని దుకాణం ఒక మూడంతస్తుల మేడలో మెట్ల కింద మిగిలిన చోటు. కప్పు మెట్ల వాలునే వాలి ఉండేది. లోపలివైపు వెళ్లేకొద్దీ వంగాలి. ఉన్న ఒక్క కిటికీ ముప్పై ఏళ్లుగా తెరిచింది లేదు. ఆ దుకాణం అతని మేనమామది. పని నేర్పిందీ ఆయనే. "కెమెరా కిందపడితే బతకొచ్చేమో గానీ దుమ్ము పడితే బతకదురా" అని కిటికీ రెక్కలకు మేకులు కొట్టించిందీ ఆయనే. పని చేసేటప్పుడు మేనల్లుణ్ణి కళ్లు మూసుకోమనేవాడు. కన్ను పైపై చుట్టమేనట, లోపలి సంగతి వేలికే తెలుస్తుందట.

జిడ్డు కడగడానికి ఒక రంగులేని ద్రావకం వాడేవారు. నీళ్లలా ఉండి, గుడ్డమీద పోస్తే క్షణంలో ఆరిపోయేది. దాన్ని మామయ్య "మందు" అనేవాడు. ఆ అలవాటుకొద్దీ మేనల్లుడూ మందనే అన్నాడు. మందు వేసి కడుగు, మందు అయిపోయింది తెప్పించు, ఇలాగే సాగేది మాట. వినేవాళ్లకు అది ఒక హాస్యం. తర్వాత మామయ్యకు యాభై దాటాక చేతుల్లోంచి వస్తువులు జారిపోవడం మొదలైంది. నడక తూలింది. దగ్గరికి వెళితే ఏదో ఘాటు వాసన. ఇంకేముంది, మందు ముదిరిందన్నారు. ఆయన ఏనాడూ తాగలేదని అత్తయ్య నెత్తీనోరూ కొట్టుకున్నా ఎవరూ వినలేదు. చివరి ఆరేళ్లు మామయ్య ఒక కుర్చీలో, ఒళ్లో రెండు చేతులూ పెట్టుకుని, అవి తనవి కానట్టు వాటివంక చూస్తూ గడిపాడు.

ఇప్పుడు నిదానం కళ్ల ముందు పగలంతా ఆ కుర్చీయే ఉండేది.

అలాంటి రోజుల్లో పిట్టలాయన వచ్చాడు. ఆయన తపాలా ఆఫీసులో ఉత్తరాలు వేరుచేసే పని చేసి రిటైరైన మనిషి. పిట్టలకు ఫొటోలు తీయడం తప్ప వేరే వ్యసనం లేదు. తన పాత రీలు కెమెరాను పసిబిడ్డలా తువ్వాల్లో చుట్టి తెచ్చాడు.

"లెన్సు ఊడి రావట్లేదండీ. బటన్ నొక్కితే దిగుతోంది, లెన్సు మాత్రం వెంట్రుకవాసి తిరిగి ఆగిపోతోంది. మా ఆవిడ పట్టకారేసి లాగుదామంది. కాళ్లు పట్టుకుని ఆపాను" అన్నాడు.

ఊరి చివర నీళ్ల పంపుహౌసు వెనక ఒక బురదమడుగు ఉంది. అక్కడికి ఏడాదికోసారి పొడుగుముక్కు పిట్టలు కొన్ని వచ్చి, మూడు వారాలుండి పోతాయట. దూరంనుంచి తీయాలంటే పెద్ద లెన్సు తగిలించాలి. చిన్నది ఊడితే కదా పెద్దది తగిలించేది. ఇంకో పది రోజుల్లో పిట్టలు లేచిపోతాయని, ఈ పని నిదానం గారి చేతుల్లో తప్ప ఎవరి చేతుల్లోనూ పెట్టలేనని ఆయన మరీమరీ చెప్పాడు.

వేరే ఎవరికైనా చూపించుకోండి అన్నమాట నిదానం నాలుక చివరిదాకా వచ్చింది. కానీ పిట్టలాయన నోట్లో నువ్వుగింజ నానదు. నిదానం గారు పని కాదన్నారంటే ఎందుకని అడుగుతాడు, సాయంత్రానికి వీధి వీధంతా అడుగుతుంది. అందుకే కెమెరా తీసుకున్నాడు.

తప్పేమిటో చూడగానే తెలిసింది. కెమెరా ముందువైపు ఒక లోహపు కంకణం ఉంటుంది. లెన్సును అందులో పెట్టి తిప్పితే, కంకణంలోంచి చిన్న పిన్ను లేచి లెన్సు వెనకనున్న గుంటలో కూర్చుంటుంది. గొళ్లెం లాంటిదన్నమాట. బటన్ నొక్కితే ఆ పిన్ను కిందికి దిగాలి. ఏళ్ల తరబడి పాతగ్రీజు ఎండి బంకైపోవడంతో బటన్ దిగుతోంది గానీ పిన్ను దిగడం లేదు. దీనికి దారి ఒక్కటే. పలచటి ఇత్తడి రేకుముక్కను లెన్సుకూ కంకణానికీ మధ్య సందులోంచి దూర్చి, పిన్ను తల మీద అదిమి, అదే సమయానికి లెన్సు తిప్పాలి. రేకు పిన్నుకు తగిలిందా లేదా అన్నది చూడ్డానికి వీలుండదు. వేలికి తెలియాలి. తెలియక ఇంకాస్త ముందుకు నెడితే లోపల అద్దం గీరుకుపోతుంది, ఇంకా నెడితే దాని వెనక ఫిల్ముకు అడ్డంగా ఉండే తెర చిరుగుతుంది.

ఇదివరకైతే ఐదు నిమిషాల పని.

అతను రేకు దూర్చి కళ్లు మూసుకున్నాడు. ఏమీ తెలియలేదు. రేకు ఉందో లేదో కూడా తెలియలేదు. దూదిలో చెయ్యి పెట్టినట్టుంది. కొంచెం నెట్టాడు. ఇంకొంచెం నెట్టాడు. లోపల ఎక్కడో సన్నగా "చర్" మంది.

ఊపిరి బిగబట్టి రేకు బయటికి లాగాడు. గీరుకున్నది అద్దమా, కెమెరా లోపలి గోడా? లెన్సు ఊడితే గానీ తెలియదు, అద్దానికి ఏమైందో తెలిస్తే గానీ మళ్లీ రేకు దూర్చడానికి ధైర్యం లేదు. కెమెరాను సొరుగులో పెట్టి మూసేశాడు. మూడు రోజులు ఆ సొరుగు తెరవలేదు. నాలుగోరోజు పిట్టలాయన తొంగిచూసి ఎంతవరకొచ్చిందని అడిగితే, నిదానంగా చూస్తున్నానన్నాడు. ఆయన నమ్మకంగా తలూపి వెళ్లిపోయాడు. ఆ నమ్మకం చూస్తే తిట్టినా బాగుండుననిపించింది.

మర్నాడు మధ్యాహ్నం భార్య అనుకోకుండా దుకాణానికి వచ్చింది. ఆమె ఇరవై రెండేళ్లుగా పుస్తకాల బైండింగు పనిలో ఉంది. కాగితాల దొంతర అంచు మీద బొటనవేలు జారించుకుంటూ పోతే, రెండు అతుక్కున్న చోట ఆమె వేలు దానంతటదే ఆగిపోయేది. ఆ రోజు అక్కడ మిషను చెడి తొందరగా వదిలేశారు. తలుపు తోసేసరికి నిదానం తలొంచుకుని మళ్లీ ఆ రేకుతోనే తంటాలు పడుతున్నాడు.

ఆమె గడపలోనే ఆగిపోయింది.

"రక్తం కారుతోంది."

"ఎక్కడ?" అన్నాడు అతను తలెత్తకుండానే.

ఆమె వచ్చి అతని చెయ్యి పట్టుకుని పైకెత్తింది. రేకు అంచు చూపుడువేలిని లోతుగా కోసింది. బల్లమీద తెల్లగుడ్డ సగం తడిసిపోయింది. అతను ఆ వేలిని పక్కింటివాళ్ల వస్తువును చూసినట్టు చూశాడు. నొప్పి లేదు. ఎంతకీ రాలేదు. అప్పుడు భయమేసింది ఆమెకు.

కట్టు కడుతూ ఆమె అడిగింది, అతను చెప్పాడు. ఎనిమిది నెలలూ చెప్పాడు. గుండీలు, చెప్పు, సొరుగులో కెమెరా, అన్నీ. ఆమెకు సగం ముందే తెలుసు. మనిషి నడక మారితే ఇంట్లో ఉన్నవాళ్లకు తెలియకుండా ఉంటుందా? చెప్పేదాకా అడగకూడదని ఊరుకుంది, అంతే. చివర్న అతను గొంతు తగ్గించాడు.

"మా మామయ్యకి కూడా ఇలాగే మొదలైంది."

ఆమె కట్టు ముడి బిగించింది. తర్వాత రేపు పొద్దున్నే డాక్టరు దగ్గరికి వెళ్లి తీరాలంది. ఆ మాట మీద వాదన లేదంది. ఆపైన బల్ల ముందు కూర్చుని కెమెరా తన ముందుకు లాక్కుంది.

"ఎక్కడ పట్టుకోవాలో చెప్పండి."

వద్దన్నాడు. ఆమె వినలేదు. కొత్త రేకు కత్తిరించి, అంచులు గరుకు కాగితంతో రుద్ది ఇచ్చాడు. ఎక్కడ దూర్చాలో వేలితో చూపించాడు. కళ్లు మూసుకోమని అతను అనకుండానే ఆమె మూసుకుంది.

"ఏమైనా తగులుతోందా?"

"గరుగ్గా ఉంది. ఆగండి. ఇదిగో, ఇక్కడ బొడిపె లాంటిది."

"దాని నెత్తి మీదే ఆపు. ముందుకి మాత్రం పోనీకు."

"కిందికి పోతోంది. బెల్లంపాకంలోకి దిగినట్టు పోతోంది."

అతను రెండు చేతులతో లెన్సు చుట్టూ పట్టుకుని ఎడమకు తిప్పాడు. అరచేతికి మాత్రం ఇంకా కొంచెం స్పర్శ మిగిలింది. లెన్సు మూలిగినట్టు కదిలి, పావువంతు తిరిగి, ఊడి చేతిలోకి వచ్చింది. అతను దీపం దగ్గరికి లాగి లోపలికి చూశాడు. గీరుకున్నది పక్కగోడకున్న నల్లరంగు. అద్దం నిండు చందమామలా ఉంది. స్టూలు మీద కూలబడ్డాడు.

పని ఇంకా ఉంది. కంకణం విప్పి, పిన్నునూ దాని స్ప్రింగునూ కడగకపోతే మళ్లీ అతుక్కుపోతుంది. నాలుగు స్క్రూలు ఆమే తీసింది. కంకణం కింద ఉల్లిపొర లాంటి వాషరు ఉంటుంది, లెన్సు ఉండవలసినంత దూరంలో ఉండేది దానివల్లే. అతను దాన్ని తీసి ఒకటి అని కాగితం మీద రాసుకున్నాడు. ఆమె దాన్ని వేళ్ల మధ్య పెట్టి ఒకసారి నలిపి, "ఒకటి కాదు, రెండు" అంది. గోటితో విడదీస్తే నిజంగానే రెండు.

అది చూశాక అతనికి కొత్త భయం పుట్టింది. ఈ ఎనిమిది నెలల్లో ఎన్ని కెమెరాలు ఈ చేతుల్లోంచి వెళ్లాయి? ఎన్నిట్లో ఒకటి అనుకుని రెండు పెట్టాడో? ఎవరి ఇంట్లో ఏ ఫొటో మసకబారి, అది వాళ్ల తప్పేననుకుని ఊరుకున్నారో?

కడగడం మర్నాటికి వాయిదా వేశారు. ఆమెకు తల పగిలిపోతోంది.

"ఈ కంపులో ఎలా కూర్చుంటారండీ?"

"ఏ కంపు?" అన్నాడు. అతనికి ఏ వాసనా రావడం లేదు.

మర్నాడు అతను డాక్టరు దగ్గరికి, ఆమె సెలవు పెట్టి దుకాణానికి వెళ్లారు. పిట్టలాయనకిక ఐదు రోజులే ఉన్నాయి. విడిభాగాలు ఎలా కడగాలో అతను ముందే చెప్పిపెట్టాడు. సీసా ఎక్కడుందో చూపించాడు. తలుపు గట్టిగా వేసుకో, దుమ్ము పడకూడదు అని రెండుసార్లు చెప్పాడు.

డాక్టరు నెరిసిన జుట్టున్న ఆవిడ. పిన్నుతో పాదాలు గుచ్చింది, మోకాళ్ల మీద కొట్టింది, మోగే కడ్డీ ఒకటి చీలమండ మీద పెట్టి దాని అదురు తెలుస్తోందా అని అడిగింది. తెలియలేదు. చక్కెర వ్యాధి లేదని రక్తపరీక్షలో తేలింది. ఆవిడ రాసుకుంటూ మామూలుగా అడిగింది.

"మందు అలవాటుందా?"

"ఉందండి."

"ఎన్నాళ్లుగా?"

"ముప్పై ఏళ్లుగా. రోజూ."

"రోజూ అంటే? సాయంత్రాలా?"

"లేదండి. పొద్దుట్నించీ."

ఆవిడ కళ్లజోడు మీదనుంచి చూసింది. ఎంత తాగుతారని అడిగింది. అప్పటికి గానీ అతనికి అర్థం కాలేదు. తాగడమేమిటండీ, దాంతో కెమెరాలు కడుగుతామన్నాడు. డాక్టరు నవ్వలేదు. కలం కింద పెట్టేసింది. ఆ ద్రావకం ఎలా ఉంటుంది, ఉత్తచేతులతోనేనా, గదికి కిటికీ ఉందా, తెరుస్తారా, అని ఒక్కొక్కటే అడిగింది. ఇంట్లో ఇంకెవరికైనా ఇలా వచ్చిందా అని అడిగింది. మామయ్యకని చెప్పాడు.

"ఆయన ఏం పని చేసేవారు?"

"ఇదేనండి. ఆ గదిలోనే."

గాలాడని గదిలో ఏళ్లతరబడి పీలిస్తే కొన్ని ద్రావకాలు నరాల్ని తినేస్తాయని, చెప్పులకు జిగురు పూసే పనివాళ్లలో తాను ఇలాంటివి చూశానని ఆవిడ అంది. నిశ్చయంగా చెప్పాలంటే ఇంకా పరీక్షలు కావాలి. ఈలోగా ఆ గదిలో అడుగు పెట్టొద్దంది.

అతను వరండాలో వంగి చెప్పులు తొడుక్కుంటున్నాడు. ఒక చెప్పు ఎక్కింది. రెండోది కాలి కింద ఉండగానే తలుపు గట్టిగా వేసుకో అన్న తన మాట తనకే వినిపించింది.

ఎలా పరుగెత్తాడో అతనికి తెలియదు. పాదాల కింద నేల తెలియకపోతే పరుగెత్తడం మెట్టులేని చోట మెట్టు దిగడం లాంటిది. రెండుచోట్ల పడ్డాడు. మోకాలి దగ్గర పంట్లాం చిరిగింది. ఎదురొచ్చినవాళ్లు తప్పుకున్నారు, పట్టపగలే తాగి తూలుతున్నాడనుకుని ఉంటారు. దుకాణం తలుపు మూసే ఉంది. కొట్టాడు. పలుకు లేదు. పిలిచాడు. పలుకు లేదు. జేబులోంచి తాళంచెవి తీశాడు, అది జారి మెట్టు పక్కన పడింది. వంగి తీయబోతే వేళ్లకు అందదు, అందినా తెలియదు, తెలిసిందనుకుంటే పట్టు లేదు. రెండు అరచేతుల మధ్యా ఇరికించి ఎత్తాడు. తాళం కన్నంలో పెట్టబోతే మళ్లీ జారింది. లోపల ఆమె బల్లమీద తలవాల్చి ఉన్నట్టే కళ్లకు కట్టింది. భుజంతో తలుపును గుద్దడం మొదలుపెట్టాడు.

"ఏమైందండీ? ఎందుకలా బాదుతున్నారు?"

మాట పైనుంచి వచ్చింది. మేడ మీద డాబా పిట్టగోడ పక్కనుంచి ఆమె వంగి చూస్తోంది. ఆ కంపులో ఊపిరాడక పళ్లెం, సీసా, గుడ్డలు తీసుకుని డాబామీదకు పోయి గాలిలో కూర్చుందట. దుమ్ము పడుతుందని తిట్టకండి, పైన చీరకొంగు కప్పాను అంది.

అతను మెట్ల మీద కూర్చుని, మొహం చేతుల్లో పెట్టుకుని ఏడ్చాడు. ఆమె దిగివచ్చాక ముందు ఆమె చేతులు పట్టుకుని, ఒక్కొక్క వేలూ నొక్కి, తెలుస్తోందా తెలుస్తోందా అని పదింటికీ అడిగాడు.

కెమెరాను డాబామీదే బిగించారు. ఆ సీసాను మళ్లీ ముట్టుకోనివ్వలేదు. మిగిలిన బంకను పొడిగుడ్డతో, కొయ్యపుల్లతో ఓపిగ్గా గోకి తీశారు, ఒక రోజంతా పట్టింది. రెండు వాషర్లూ ఆమె సర్దింది. పిట్టలాయన ఎనిమిదోరోజున వచ్చి తీసుకెళ్లాడు. తర్వాత ఫొటోలు తెచ్చి చూపించాడు. రెండిట్లో పిట్ట ఉంది, మిగతావాటిల్లో బురద ఉంది. ఆయన మాత్రం రెండిటికే పొంగిపోయాడు. కెమెరా బాగుచేసినవి తన చేతులు కావని, భార్యవని నిదానం దాచకుండా చెప్పాడు. అనుకున్నట్టే సాయంత్రానికి వీధంతా తెలిసింది. ఎవరూ ఏమీ అనలేదు. ఎదురింటి మంగలి మాత్రం వచ్చి మేకులు పీకి కిటికీ తెరిచి వెళ్లాడు.

పరీక్షలన్నీ డాక్టరు అనుమానాన్నే బలపరిచాయి. ఆ వారంలోనే భార్యాభర్తలిద్దరూ అత్తయ్య దగ్గరికి వెళ్లారు. మామయ్యది తాగుడు కాదని చెప్పడానికి నిదానం దారిపొడుగునా మాటలు కూర్చుకున్నాడు. అత్తయ్య బట్టలు మడతపెడుతూ అంతా విన్నది.

"నాకు తెలుసు కదరా. తాగుబోతన్నవాళ్లంతా పోయారు. ఇప్పుడెవరికి చెప్పను?" అంది.

ఎనిమిది నెలల్లో చేసిన పంతొమ్మిది కెమెరాలనూ వెనక్కి పిలిచి చూశారు. మూడిట్లో తప్పు దొరికింది. ఒకావిడ కోప్పడింది, పడవలసిన కోపమే.

భయం అంతటితో తీరలేదు. మానేసినా కొన్నాళ్లు ముదురుతుందని డాక్టరు ముందే చెప్పింది, అలాగే ముదిరింది. నాలుగు నెలలపాటు గుండీలు ఆమే పెట్టింది. మెట్లు దిగడానికి గోడ పట్టుకోవలసి వచ్చేది. తిరిగి వస్తుందన్న మాట నిజమో, ఊరటకు చెప్పిందో తెలియక అతను రోజూ పొద్దున్నే దుప్పటి అంచు వేళ్లమధ్య రుద్ది చూసుకునేవాడు. ఏడో నెలలో ఒకనాడు చిటికెనవేలికి నేత తగిలింది. తగిలిందని నమ్మడానికి వారం పట్టింది. రెండేళ్లకు పాదాలు బాగుపడ్డాయి. వేళ్లు ముక్కాలువంతు వచ్చి అక్కడే ఆగిపోయాయి.

ఆమె బైండింగు పని మానలేదు. వారంలో రెండు మధ్యాహ్నాలు దుకాణానికి వచ్చి సన్నపని చేస్తుంది, అతను పక్కన కూర్చుని చెబుతాడు. అరగంట గడిస్తే చాలు, ఏమైనా వాసన వస్తోందా అని అడుగుతాడు. రావట్లేదని ఆమె అన్నా లేచి వెళ్లి, తెరిచి ఉన్న కిటికీని ఇంకాస్త బారుగా తోసి వస్తాడు.